రాయికి కాదు, ధూళికి భయపడండి

మన భాషలో 'రాయి' అన్న మాటకు రెండర్థాలున్నాయి. మొదటిది శిల. రెండవది పంతులుగారి ఆజ్ఞ. శిలల పాఠం జరిగే తరగతి గదిలో మొదటి అర్థం ఎప్పుడో అంతరించింది. రెండవది మాత్రం గంట కొట్టేదాకా వినిపిస్తూనే ఉంటుంది. "శిలలు మూడు రకములు, రాయి. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు, రాయి." పిల్లలు రాస్తారు, పరీక్షలో మళ్ళీ రాస్తారు. ఆ మూడింటిలో ఏ ఒక్కదానినీ అరచేతిలో పెట్టుకుని బరువు చూడకుండానే పదవ తరగతి గట్టెక్కుతారు.

ఈ తంతు ఎక్కడ జరిగినా విచారకరమే. కాగజ్‌నగర్‌లో జరిగితే కొంత హాస్యాస్పదం కూడా. ఒకప్పటి కొత్తపేట, నిజాం కాలంలో 1938లో స్థాపించిన సిర్పూరు కాగితపు మిల్లు పుణ్యమా అని కాగజ్‌నగర్ అయింది. ఆ మిల్లు 2014లో మూతపడింది, 2018లో మళ్ళీ తెరుచుకుంది. కాగితం పేరు పెట్టుకున్న ఊరు గనుక రాళ్ళు కూడా కాగితం మీదనే ఉండాలని ఎవరో శాసించినట్టుంది. ఊరు దాటి నాలుగడుగులు వేస్తే చాలు, పాఠ్యపుస్తకంలోని బొమ్మలన్నీ నేల మీద పరుచుకుని కనిపిస్తాయి.

ఈ టపాలో నా వాదం ఒక్కటే. పిల్లల చేతికి రాళ్ళు ఇవ్వాలి; ఇచ్చేటప్పుడు కళ్ళనూ ఊపిరినీ కాపాడుకోవడం కూడా నేర్పాలి. రెండవది మొదటిదానికి అడ్డంకి అని కొందరనుకుంటున్నారు, అనవసరమైన ఆడంబరమని మరికొందరు అనుకుంటున్నారు. ఇరుపక్షాలవారూ పొరబడ్డారు. రాతితో జాగ్రత్తగా మెలగడం భూవిజ్ఞానానికి బయటి విషయం కాదు. మన ప్రాంతపు పిల్లలకు ఆ శాస్త్రంలో బతుకంతా పనికివచ్చే భాగం ఏదైనా ఉన్నదంటే అది అదే.

ముందుగా నేల సంగతి చెప్పుకుందాం. కాగజ్‌నగర్ ఉన్న ప్రాణహిత గోదావరి లోయను భూవిజ్ఞానులు గోండ్వానా శిలల లోయ అంటారు. ఆ పేరును 1872లో మెడ్లికాట్ అనే ఐరిష్ భూవిజ్ఞాని వాడుకలో పెట్టాడు. గోండులు ఏలిన దేశం కనుక గోండ్వానా. తరువాత దక్షిణార్ధగోళపు ఖండాలన్నీ ఒకనాడు కలిసి ఉన్న మహాఖండానికే ఆ పేరు స్థిరపడింది. ఆఫ్రికాలో, అంటార్కిటికాలో, ఆస్ట్రేలియాలో పరిశోధకులు నేటికీ రోజూ పలికే మాట అది. కుమురం భీం పేరు పెట్టుకున్న జిల్లాలో, ఆశ్రమ పాఠశాల బల్ల మీద కూర్చున్న గోండు పిల్లవాడికి ఆ మాట తన వాళ్ళదని ఎంతమంది చెప్పి ఉంటారు?

పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మాలేరి అనే పల్లె పేరుతో శాస్త్రజ్ఞులు ఒక శిలాసముదాయాన్నే పిలుస్తారు. ఆ ఎర్రమట్టి రాళ్ళలో డైనోసార్లు అప్పుడప్పుడే తలెత్తుతున్న కాలపు సరీసృపాల ఎముకలు దొరికాయి. ప్రాణహిత ఒడ్డునే ఉన్న యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలకు 1988లో యాదగిరిగారు కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. సుమారు 9 మీటర్ల పొడవున్న ఆ జంతువు అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. బెల్లంపల్లి వైపు వెళితే బొగ్గు, దేవాపూర్ వైపు వెళితే సిమెంటుకు వాడే సున్నపురాయి, జిల్లా పడమటి అంచున దక్కను పీఠభూమి నల్లరాయి. బడి గోడ కట్టిన ఇసుకరాయి సంగతి చెప్పనే అక్కరలేదు. ఇంత సంపద కాళ్ళ కింద పెట్టుకుని మూడు రంగుల బొమ్మ చూపించి సరిపెట్టడాన్ని ఏమనాలి? గోదావరి గట్టున కూర్చుని స్నానం గురించి వ్యాసం రాయించడమనాలి.

"పిల్లలకు రాళ్ళు ఇస్తే ప్రమాదం కదండీ" అనేది మొదటి పక్షం వారి మాట. కంటికి తగులుతుంది, కాలి మీద పడుతుంది, ఒకరి మీద ఒకరు విసురుకుంటారు, తల్లిదండ్రులు వచ్చి అడుగుతారు, పై అధికారి సంజాయిషీ కోరతాడు. ఈ భయంలో నిజం లేకపోలేదు. నేటి ఉపాధ్యాయుడి మీద ఉన్న ఒత్తిడిని నేను తేలిక చేయను. కానీ ఈ మాట అన్నవారు నమూనాలను గాజు బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ప్రధానోపాధ్యాయుల సొరుగులో పెడతారు. దానితో రక్షణ పూర్తి అయిందనుకుంటారు.

తాళం వేసినది బీరువాకు మాత్రమే. లోకమంతా రాళ్ళే. బడి వదిలాక ఆ పిల్లవాడే రోడ్డు పక్క కంకర కుప్ప ఎక్కుతాడు. చెకుముకిరాళ్ళు కొట్టి నిప్పు వస్తుందేమో చూస్తాడు. వాగులో గుండ్రాయిని చలిమంటలో వేస్తాడు. లోపలి తేమ ఆవిరై అది పగిలితే ముక్కలు ఎటు ఎగురుతాయో వాడికి ఎవరూ చెప్పలేదు. నిషేధం పిల్లవాడిని రాతి నుంచి వేరు చేయలేదు. వాడు రాతితో ఉన్నప్పుడు పెద్దవారు పక్కన లేకుండా చేసింది, అంతే. రక్షణ అని మనం అన్నది నిజానికి మన ఉద్యోగానికి రక్షణ.

పైగా, ముట్టుకోకుండా శిలలను తెలుసుకోవడం సాధ్యం కాదు. పలుగురాయి గాజును గీస్తుంది, సున్నపురాయి గీయలేదు. గోటితో గీస్తే గీత పడేది ఏది, పడనిది ఏది అన్న ప్రశ్న మీదనే 1812లో ఫ్రెడరిక్ మోస్ తన కాఠిన్యపు కొలబద్ద నిర్మించాడు. ఇసుకరాతి మీద వేలు రాస్తే రేణువు తగులుతుంది. పలకరాయి పొరలు పొరలుగా లేస్తుంది. ఒకే పరిమాణమున్న బొగ్గు పెళ్ళనూ ఇనుపరాతినీ రెండు చేతుల్లో పట్టుకున్న పిల్లవాడికి సాంద్రత అన్న మాట మళ్ళీ వివరించనక్కరలేదు. ఈ జ్ఞానమంతా చర్మంలో నుంచి లోపలికి వెళ్ళేది. దానికి బొమ్మ ప్రత్యామ్నాయం కాదు, వీడియో కూడా కాదు.

ఇక రెండవ పక్షం వారు. వీరు ఉత్సాహవంతులు, అందుకే వీరితో తగవు పడటం నాకు మరింత కష్టం. "మా తాతలు రాళ్ళు కొట్టి బతికారు, కళ్ళద్దాలు పెట్టుకున్నారా, ముక్కుకు గుడ్డ కట్టుకున్నారా?" అంటారు. పిల్లలను వరండాలో కూర్చోబెట్టి తలా ఒక సుత్తి ఇచ్చి ఠంగు ఠంగుమని కొట్టిస్తారు. వడ్రంగి సుత్తి అయినా సరే, ఇంట్లో కొబ్బరికాయ కొట్టే సుత్తి అయినా సరే. పిల్లలు ఆనందిస్తారు. ఆ ఆనందం నాకూ ఇష్టమే. కానీ తాతల మాట ఎత్తారు కనుక, తాతల సంగతి పూర్తిగా చెప్పుకోవాలి.

బడిలో మన తరం చేతపట్టిన మొదటి రాయి ఏది? పలక. మార్కాపురం పలకల మీద ఓనమాలు దిద్దని తెలుగువాడు ఆ తరంలో అరుదు. ఆ పలక మీద రాసే బలపం కూడా రాయే. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ ప్రాంతంలో పలకరాతిని రంపాలతో సన్నగా కోసి బలపాలు చేసి దేశమంతటికీ పంపేవారు. రంపాలకు విద్యుత్తు వచ్చాక కోత వేగం పెరిగింది, దానితో ధూళి కూడా పెరిగింది. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు అక్కడ దాదాపు ఆరువందల మంది కార్మికులను పరీక్షించి, సగానికి మించిన వారి ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ గుర్తించారు. నడివయసు రాకముందే మగవాళ్ళు రాలిపోయిన ఇళ్ళు అక్కడ ఎన్నో. చివరికి 1980ల మొదట్లో ఆ రాష్ట్రం ఒక్క బలపం కార్మికుల కోసమే ప్రత్యేకంగా సంక్షేమ నిధి చట్టం చేయవలసి వచ్చింది.

దేశంలో లక్షలాది పిల్లలు 'అ' దిద్దిన బలపం వెనుక ఇంత జరిగింది. రాతి ధూళి గురించి మనకు తెలియదని బడి అనకూడదు. బడి సామాను తయారుచేస్తూనే మనుషులు చచ్చిపోయారు. తాతలు ముక్కుకు గుడ్డ కట్టుకోలేదన్నది నిజమే. వారిలో ఎందరు తమ మనవలను చూశారన్నదే అడగవలసిన ప్రశ్న. మన పల్లెల్లో "క్షయ పట్టి పోయాడు" అని ముగించేసిన రాతిపని వారి మరణాల్లో క్షయ ఎంత, రాతి పొడి ఎంత అన్న లెక్క ఎవరూ తీయలేదు. సిలికా ధూళి పట్టిన ఊపిరితిత్తుల్లో క్షయ సులువుగా పాగా వేస్తుందని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చింది. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ, పనిచోట పీల్చే స్ఫటిక సిలికాను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

ఇక్కడ అతిశయోక్తి జోలికి పోకూడదు. ఒక పీరియడులో నాలుగు రాళ్ళు పగలగొట్టినంత మాత్రాన ఏ పిల్లవాడికీ సిలికోసిస్ రాదు. అది ఏళ్ళ తరబడి ధూళి పీల్చిన వారికి వచ్చే వ్యాధి. ధూళి మరీ దట్టంగా ఉన్నచోట నెలల్లోనూ వస్తుంది. వచ్చాక మాత్రం నయమయ్యే మందు లేదు. మరి బడిలో ఇంత పట్టింపు ఎందుకు అని మీరు అడగవచ్చు. ఈ టపా రాయడానికి కారణమే ఆ ప్రశ్న.

ఈ ప్రాంతపు పిల్లలు రేపు ఎక్కడ పనిచేస్తారు? కొందరు బొగ్గు గనుల్లో, కొందరు సిమెంటు కర్మాగారాల్లో, కొందరు కంకర మిల్లుల్లో. ఇంకొందరు హైదరాబాదులోనో గల్ఫులోనో మొజాయికు, గ్రానైటు, టైల్సు కోసే యంత్రం పట్టుకుని నిలబడతారు. అక్కడ "ధూళి లేస్తోంది, నీళ్ళు చల్లండి" అని అడగాలంటే ముందు ధూళి అపాయకరమని తెలిసి ఉండాలి. ఆ మాట మేస్త్రీ చెప్పడు, కాంట్రాక్టరు చెప్పడు. కూలి కోత పడుతుందన్న భయం లేకుండా ఆ మాట వినగలిగే ఒకే ఒక్క చోటు బడి. ఎనిమిదవ తరగతిలో తడి గోనెసంచి కింద రాయి పగలగొట్టడం చూసిన కుర్రవాడు, ఇరవయ్యేళ్ళ వయసులో పొడిగా కోసే యంత్రం ముందు నిలబడినప్పుడు ఒక్క క్షణం ఆగుతాడు. పాఠం వల్ల అంతకన్నా పెద్ద ఫలితం ఏమి కావాలి? రాళ్ళు కొట్టే ఇళ్ళ నుంచి వచ్చే వడ్డెర పిల్లల విషయంలో ఈ మాట రేపటికి కూడా ఆగనిది. వారి ఇంటి ముందరి గాలిలోనే ఆ ధూళి ఉంది.

కన్ను మాత్రం ఏళ్ళ తరబడి ఆగదు. ఒక్క రాతి పెచ్చు చాలు. రాతి సుత్తికి, మేకుల సుత్తికి ఉక్కులోనే తేడా ఉంటుంది. మేకులకు చేసిన సుత్తితో గట్టి రాయిని బాదితే ఒక్కొక్కసారి రాయికి బదులు సుత్తి అంచే పెచ్చుగా లేస్తుంది. సుత్తితో సుత్తిని కొట్టడం అంతకన్నా ప్రమాదం. కొట్టేవాడికన్నా చుట్టూ మూగి వంగి చూసేవారికే ముప్పు ఎక్కువ, ఎందుకంటే కొట్టేవాడు ఆ క్షణాన కళ్ళు చిట్లిస్తాడు, చూసేవారు పెద్దవి చేస్తారు. మామూలు చూపు కళ్ళద్దాలు దీనికి చాలవు. పక్కలు కూడా మూసి ఉండే రక్షణ అద్దాలు కావాలి.

మన భయాలు తలకిందులుగా ఉండటం ఈ విషయంలో నాకు బాగా తోచిన సంగతి. నల్లగా నిగనిగలాడే దక్కను రాయిని చూస్తే గట్టిదని, ప్రమాదమని జంకుతాం. చేతిలో రాలిపోయే ఇసుకరాయిని చూస్తే సాధువు అనుకుంటాం. ధూళి విషయంలో నిజం దీనికి తిరగబడి ఉంటుంది. నల్లరాతిలో స్వేచ్ఛగా ఉండే సిలికా బహు స్వల్పం. ఇసుకరాయి దాదాపు అంతా సిలికాయే. కాగజ్‌నగర్ చుట్టూ ఎక్కడ చూసినా కనిపించే, ఎవరూ భయపడని ఆ మెత్తని రాయినే పొడిగా గీకకూడదు. సున్నపురాతి పొడి దానితో పోలిస్తే ఎంతో నయం. కళ్ళకు కనిపించి గొంతులో గరగరలాడే ధూళి కూడా పెద్ద శత్రువు కాదు, అది దగ్గులో, చీమిడిలో బయటికి వస్తుంది. కంటికి కనపడనంత సన్ననిదే ఊపిరితిత్తుల అడుగు దాకా పోయి అక్కడ కాపురం పెడుతుంది. మామూలు చేతిరుమాలు దానిని ఆపలేదు. 2020 తరువాత మాస్కుల్లో రకాలున్నాయని ఊరూరా తెలిసింది గనుక ఈ మాట వివరించే శ్రమ తప్పింది. అన్ని మాస్కులకన్నా నీళ్ళు మేలు. తడిసిన రాయికి ధూళి లేదు.

గాజు బీరువా సంగతికి మళ్ళీ రావాలి, ఎందుకంటే అసలు పాములు అక్కడే ఉన్నాయి. ఖనిజ నమూనాల పెట్టెలు చాలా బళ్ళకు ఏనాడో వచ్చాయి. గళ్ళ పెట్టె, ప్రతి గడిలో ఒక ముక్క, దానికో చీటీ. ఆ పాత పెట్టెల్లో రాతినార ముక్క ఉండటం అరుదు కాదు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తవ్వి తీసిన ఖనిజమే అది. పట్టుదారంలా మెరుస్తూ, పిల్లల చేతులను రమ్మని పిలుస్తూ ఉంటుంది. గిల్లితే పోగులు పోగులుగా విడిపోతుంది. ఆ పోగులు గాలిలో కలిసి ఊపిరిలోకి వెళితే కలిగే క్యాన్సరు ముప్పయి, నలభై ఏళ్ళ తరువాత బయటపడుతుంది. బడిలో దానికి స్థానం లేదు. పక్క గడిలో సీసపు ఖనిజం గెలీనా ఉంటుంది, వెండిలా మెరుస్తూ. దానిని పట్టుకున్న చేత్తోనే మధ్యాహ్న భోజనం తింటే? పిల్లల రక్తంలో సీసానికి నిరపాయకరమైన పరిమితి అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పేరు లేని ముక్కలు, చీటీ ఊడిపోయిన ముక్కలు కూడా అంతే. ఏమిటో తెలియని ఖనిజాన్ని పిల్లల చేతికి ఇవ్వకూడదు.

కనుక బీరువా తాళం తీయమని కోరుతున్న నేనే, తీసిన వెంటనే రెండు గళ్ళు ఖాళీ చేయమని కూడా కోరుతున్నాను. రాతినారను పొడిగా గిల్లకుండా, తుడవకుండా, పెట్టెతో సహా దళసరి ప్లాస్టిక్ సంచిలో మూసి, దాని మీద పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టి, ఎలా పారవేయాలో అధికారులను రాతపూర్వకంగా అడగాలి. చెత్తకుప్పలో వేయడం దానికి పరిష్కారం కాదు, ఆ కుప్ప దగ్గర ఆడేదీ పిల్లలే.

ఆమ్లం సంగతి మరొకటి. సున్నపురాతి మీద ఆమ్లం చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది, పిల్లలకు అదొక ఇంద్రజాలం. ఆ ముచ్చట కోసం కిరాణా కొట్టులో దొరికే స్నానాలగది యాసిడు సీసా తెచ్చి తరగతిలో మూత తీసే అలవాటు మానుకోవాలి. దాని గాఢత ఎంతో సీసా మీద కూడా సరిగ్గా ఉండదు. రసాయనశాస్త్రం ఉపాధ్యాయులను అడిగితే బాగా పలచన చేసిన ఆమ్లం చుక్కల సీసాలో పోసి ఇస్తారు, నీళ్ళలో ఆమ్లం పోయాలే గాని ఆమ్లంలో నీళ్ళు పోయకూడదన్న నియమం వారికి కంఠోపాఠం. అదీ కుదరకపోతే సున్నపురాతి మీద మేకుతో గీసి, లేచిన పొడి మీద నిమ్మరసం పిండండి. బుడగలు చిన్నవే వస్తాయి గాని శాస్త్రం అదే.

అసలు చిక్కు ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. శిలల పాఠం సాంఘికశాస్త్రంలో, భూగోళంలో భాగం. రసాయనశాస్త్రానికి ప్రయోగశాల ఉంది, ఎప్రాను ఉంది, గోడ మీద నియమాల పట్టిక ఉంది. సాంఘికశాస్త్రానికి ఉన్నది గోడ పటం, గ్లోబు. సుత్తి పట్టుకోవలసిన ఉపాధ్యాయుడికి సుత్తి గురించి శిక్షణలో ఎవరూ ఒక్క మాట చెప్పరు. నేర్పనిదాన్ని చేయలేదని ఆయనను నిందించడం అన్యాయం. భయపడి తాళం వేసినవాడూ, తెగించి సుత్తులు పంచినవాడూ ఒకే కొరతకు రెండు ముఖాలు.

బడి బయటికి వెళ్ళేటప్పుడు జాగ్రత్తలు వేరు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని లార్జి దగ్గర బియాస్ నదిలో, విహారయాత్రకు వెళ్ళిన హైదరాబాదు ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఒక క్షణం ముందు దాకా వారు నది నడుమ బండరాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువ ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలారు. గులకరాళ్ళు ఏరడానికి పిల్లలను వాగులోకి దింపే ప్రతి ఉపాధ్యాయుడూ ఈ ఘటనను గుర్తుంచుకోవాలి. మన పెద్దవాగు మీద కూడా ఎగువన అడ దగ్గర కుమురం భీం ప్రాజెక్టు ఉంది. ఇసుక మీద వాన లేనంత మాత్రాన వాగుకు నీళ్ళు రావనుకోకూడదు. నీళ్ళు వదిలే సమాచారం ముందుగా కనుక్కోవాలి, వానాకాలంలో అసలు దిగకూడదు. ఆ దుర్ఘటన పాఠం ఇదే గాని, ఇక మీదట ఏ పిల్లలనూ ఏ నదికీ తీసుకువెళ్ళకూడదన్నది కాదు.

పాడుబడిన క్వారీ గుంటల అంచులు కూలుతాయి, అడుగున నిలిచిన నీళ్ళ లోతు పైకి తెలియదు. నడుస్తున్న గనుల సంగతి చట్టమే చెప్పింది. 1952 నాటి గనుల చట్టాన్ని 1983లో సవరించినప్పుడు, పద్దెనిమిదేళ్ళు నిండనివారు గని పని జరిగే చోట ఉండనే కూడదని నిషేధించారు. కనుక ఓపెన్‌కాస్టు అంచుకు పిల్లలను తీసుకువెళ్ళి నిలబెట్టడం సాహసయాత్ర అనిపించుకోదు. గనిని గని వాళ్ళ అనుమతితో, వాళ్ళు చూపిన చోటు నుంచి మాత్రమే చూడాలి. రోడ్డు కోసం తవ్విన గట్టు, బావి తవ్వినప్పుడు పోసిన రాళ్ళ కుప్ప, గుడి మెట్లు, రైల్వే స్టేషను బయట ఎవరో కట్టిన అరుగు, ఇవి చాలు ఒక ఏడాది పాఠాలకు. రైలు పట్టాల మధ్య కంకర మాత్రం వద్దు.

మన నేలకే ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఏ విదేశీ పుస్తకంలోనూ పైన కనబడదు. రాయి లేపితే కింద తేలు ఉండవచ్చు. ఎదుటి అంచును పట్టి రాయిని మన వైపుకు లేపాలి, అప్పుడు తెరుచుకునే సందు అటువైపు ఉంటుంది, రాయే మనకు అడ్డుగా నిలుస్తుంది. వట్టి చేయి పెట్టకుండా ముందు కర్రతో కదపాలి. చూశాక రాయిని ఉన్నచోటే మళ్ళీ పెట్టాలి, అది ఎవరి ఇల్లో మనకు తెలియదు. పల్లె పిల్లలకు ఈ విద్య మనకన్నా బాగా తెలుసు. వారి చేతనే తరగతికి చెప్పించండి.

"ఇదంతా బాగుంది, డబ్బేది?" అన్న ప్రశ్న వస్తుందని తెలుసు. లెక్క వేసి చూడండి. రక్షణ అద్దాలు నాలుగు జతలు, ఒక సరైన రాతి సుత్తి, ఒక గోనెసంచి, ఒక బకెట్టు, నాలుగు తుడుపు గుడ్డలు, ఒక సబ్బు. బడికి ఏటా కొనే ఆటసామాను ఖర్చులో ఇది ఏ మూలకు? రాయి పగలగొట్టేది ఉపాధ్యాయుడొక్కరే. రాయిని తడిపి, తడి గోనెలో చుట్టి, ఆరుబయట, పిల్లలు పది అడుగుల దూరాన నిలబడగా, అద్దాలు పెట్టుకుని కొట్టాలి. ముక్కల పదునైన అంచులు మరో రాతి మీద తడిగా రుద్ది మొద్దు చేసి పిల్లలకు ఇవ్వాలి. పెద్ద రాయి బల్ల మీద కాదు, నేల మీద ఉండాలి. బల్ల మీదిది ఎప్పుడో కాలి మీదికి వస్తుంది. గీత పరీక్ష చేశాక పింగాణీ పెంకు మీద మిగిలిన పొడిని "ఉఫ్" అని ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. పిల్లలందరూ మొదట చేసేది ఊదడమే, చూడండి. నాలుకకు ఏ రాయీ తగలకూడదు, ఉప్పురాయి అని చీటీ ఉన్నా సరే. చివర సబ్బుతో చేతులు కడుక్కోనిదే భోజనం గంట వినిపించకూడదు.

ఇందులో అర్థం కానిది ఏమీ లేదు, కొనలేనిదీ ఏమీ లేదు. కావలసింది నియమం. సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల శిక్షణలో ఒక పూట దీనికి కేటాయించాలి. శిలల పాఠం ఉన్న ప్రతి పుస్తకంలో, పాఠానికి ముందు ఈ జాగ్రత్తల పుట ఒకటి ఉండాలి. అదీ పరీక్షకు రాసే పుట కాకూడదు, చేసి చూపే పుట కావాలి. పాత ఖనిజాల పెట్టెలను జిల్లా అంతటా ఒకసారి తెరిచి చూసి రాతినారను ఏరివేయాలి. బడికి రసాయనాలు సరఫరా చేసేటప్పుడు కళ్ళద్దాలు కూడా సామానేనని గుర్తించాలి. ఈ నాలుగూ జరిగితే తాళంచెవిని సొరుగులో దాచుకోవలసిన అవసరం ప్రధానోపాధ్యాయులకు ఉండదు.

ఇది చదివే మిత్రుల్లో చాలామంది ఊళ్ళు వదిలి వచ్చినవారే. మీ ఊరి బడితో ఇంకా సంబంధం ఉన్నవారు ఈసారి వెళ్ళినప్పుడు పుస్తకాలు, కంప్యూటర్లు పంచే ఉత్సాహంలో నాలుగు జతల రక్షణ అద్దాలు కూడా సంచిలో వేసుకోండి. బీరువా తెరిపించి ఆ గళ్ళ పెట్టె ఒకసారి చూడండి. దాతల పేర్ల శిలాఫలకం మీద దీనికి చోటు దొరకదు, ఆ ఫలకం చెక్కిన మనిషి ఊపిరి గురించి కూడా ఎవరూ అడగరు. మనం అడుగుదాం.

గోండ్వానా అన్న పేరు ప్రపంచమంతా తిరిగింది. ఆ పేరుకు హక్కుదారైన పిల్లవాడి అరచేతిలోకి ఆ రాయి రావడానికి తాళంచెవి అడ్డు రాకూడదు. వాడి కంట్లోకి, ఊపిరిలోకి మాత్రం అది ఎన్నటికీ పోకూడదు.